పక్క తడపడం

పక్క తడపడం లేదా శయ్యామూత్రం అనగా నిద్రలో ఉన్నప్పుడు తెలియకుండానే మూత్ర విసర్జన జరగడం. వైద్య పరిభాషలో దీనిని నాక్టర్నల్ ఎన్యూరిసిస్ అంటారు. పసిపిల్లలలో ఇది సహజం. ఐదేళ్ళు నిండిన తరువాత కూడా తరచుగా జరుగుతున్నప్పుడు మాత్రమే దీనిని సమస్యగా పరిగణిస్తారు. ఇది పిల్లలు కావాలని చేసే పని కాదు. బద్ధకం వలన గాని, మొండితనం వలన గాని వచ్చే అలవాటు కూడా కాదు. మూత్రాశయం, మూత్రపిండాలు, మెదడు - ఈ మూడింటి మధ్య రాత్రిపూట ఉండవలసిన సమన్వయం కొందరిలో ఆలస్యంగా ఏర్పడడమే దీనికి మూలం. అందువలన తిట్టడం, కొట్టడం, సిగ్గుపరచడం వలన ఇది తగ్గదు. ఎక్కువమందిలో వయసుతోపాటు దానంతటదే తగ్గిపోతుంది. తగ్గనివారికి చికిత్సలు ఉన్నాయి.

పేర్లు, నిర్వచనం

వాడుక భాషలో దీనిని పక్క తడపడం, పక్కలో ఉచ్చ పోయడం, పక్కలో పాసు పోసుకోవడం అంటారు. ఆయుర్వేదంలో దీనికి శయ్యామూత్రం అని పేరు. శయ్య అనగా పడక.

అమెరికా మనోవైద్యుల సంఘం ప్రమాణాల ప్రకారం, ఐదేళ్ళు లేదా అంతకు పైబడిన వయసులో, వారానికి కనీసం రెండుసార్లు చొప్పున వరుసగా మూడు నెలలపాటు జరిగితే దీనిని ఎన్యూరిసిస్‌గా గుర్తిస్తారు. అంతకన్నా అరుదుగా జరిగినా, దాని వలన పిల్లవాడు బాధపడుతుంటే లేదా బడికి, బంధువుల ఇళ్ళకు వెళ్ళడానికి జంకుతుంటే అది కూడా పట్టించుకోదగినదే.

ఇందులో రెండు రకాలున్నాయి. పుట్టినప్పటినుండి ఎన్నడూ వరుసగా ఆరు నెలలపాటు పొడిగా ఉండనివారిది ప్రాథమిక రకం. కనీసం ఆరు నెలలు పొడిగా ఉండి, మళ్ళీ మొదలైతే అది ద్వితీయ రకం. ఎక్కువమందిది ప్రాథమిక రకమే. ద్వితీయ రకంలో మాత్రం వేరే కారణం ఏదైనా ఉన్నదేమో వెతకవలసి ఉంటుంది.

రాత్రి పొడిగా ఉండడం ఎలా వస్తుంది

శిశువులలో మూత్రాశయం నిండగానే వెన్నుపాము ద్వారా సంకేతం వెళ్ళి, దానంతటదే ఖాళీ అవుతుంది. ఇందులో మెదడు అదుపు పెద్దగా ఉండదు. ఎదిగేకొద్దీ మెదడు ఈ చర్యను ఆపి ఉంచగలుగుతుంది. సాధారణంగా రెండు నుండి నాలుగేళ్ళ మధ్య పగటిపూట అదుపు వస్తుంది. రాత్రి అదుపు అన్నిటికన్నా చివర వస్తుంది. పగలంతా చక్కగా చెప్పి వెళ్ళే పిల్లవాడు రాత్రి పక్క తడపడం వింత కాదు.

రాత్రంతా పొడిగా ఉండడానికి మూడు మార్పులు జరగాలి.

మొదటిది, రాత్రి తయారయ్యే మూత్రం తగ్గడం. మెదడులోని హైపోథాలమస్‌లో తయారై పీయూష గ్రంథి ద్వారా విడుదలయ్యే వాసోప్రెసిన్ అనే హార్మోను, మూత్రపిండాలు నీటిని తిరిగి శరీరంలోకి తీసుకొనేటట్లు చేస్తుంది. రాత్రిపూట ఈ హార్మోను పెరగడం వలన మూత్రం పగటికన్నా బాగా తగ్గి, చిక్కబడుతుంది.

రెండవది, మూత్రాశయం తగినంత మూత్రాన్ని నిలువ ఉంచుకోగలగడం. పిల్లల మూత్రాశయ సామర్థ్యాన్ని అంచనా వేయడానికి వైద్యులు ఒక సులువైన లెక్క వాడతారు. వయసుకు ఒకటి కలిపి 30తో హెచ్చించాలి. ఈ లెక్క ప్రకారం ఐదేళ్ళ పిల్లలకు 180 మిల్లీలీటర్లు, ఏడేళ్ళ పిల్లలకు 240 మిల్లీలీటర్లు వస్తుంది.

మూడవది, మూత్రాశయం నిండినప్పుడు మెదడు ఆ సంకేతాన్ని గుర్తించి నిద్ర లేపడం.

పక్క తడిపే పిల్లలలో ఈ మూడింటిలో ఒకటి గాని, ఎక్కువ గాని ఇంకా పూర్తి కాలేదు. మూత్రం ఎక్కువ తయారైనా, మూత్రాశయం చిన్నదైనా, లేవగలిగినవారు లేచి వెళతారు. లేవలేనివారు పక్క తడుపుతారు. పిల్లవాడు మొద్దునిద్ర పోతాడని తల్లిదండ్రులు చెప్పే మాటలో ఈమేరకు నిజం ఉంది. అయితే నిద్ర పోవడం పిల్లవాడి తప్పు కాదు.

ఎంతమందిలో ఉంటుంది

ఐదేళ్ళ పిల్లలలో సుమారు 15%, పదేళ్ళవారిలో సుమారు 5%, పదిహేనేళ్ళు దాటినవారిలో 1 నుండి 2% మంది పక్క తడుపుతారు. ఆడపిల్లలకన్నా మగపిల్లలలో ఇది సుమారు రెట్టింపు. ఏ చికిత్సా లేకుండానే ప్రతి యేటా వీరిలో సుమారు 15% మందికి తగ్గిపోతుంది. ఈ లెక్కన నలభై మంది పిల్లలున్న ఐదవ తరగతిలో ఇద్దరికి ఈ సమస్య ఉండవచ్చు. ఎవరూ పైకి చెప్పుకోరు కనుక ఆ ఇద్దరూ తాము ఒక్కరమే ఇలా ఉన్నామని అనుకుంటారు.

కారణాలు

వంశపారంపర్యం: తల్లిదండ్రులలో ఎవరికీ చిన్నతనంలో ఈ సమస్య లేకపోతే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు 15%. ఒకరికి ఉంటే సుమారు 44%, ఇద్దరికీ ఉంటే సుమారు 77%. డెన్మార్క్ పరిశోధకులు 1995లో కొన్ని కుటుంబాలలో దీనికి 13వ క్రోమోజోముతో సంబంధం ఉన్నట్లు గుర్తించారు. తరువాత ఇతర క్రోమోజోములతో కూడా సంబంధం ఉన్నట్లు తేలింది.

మలబద్ధకం: మూత్రాశయానికి వెనుక పురీషనాళం ఉంటుంది. అందులో మలం గట్టిపడి పేరుకొంటే మూత్రాశయాన్ని నొక్కి, అది నిండే చోటును తగ్గిస్తుంది. కొందరు పిల్లలలో మలబద్ధకం తగ్గగానే పక్క తడపడం కూడా తగ్గుతుంది.

నిద్రలో శ్వాసకు అడ్డంకి: టాన్సిల్స్, అడినాయిడ్స్ పెరిగి రాత్రిపూట బిగ్గరగా గురక పెట్టే పిల్లలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

మానసిక కారణాలు: ప్రాథమిక రకానికి మానసిక ఒత్తిడి మూలకారణం కాదు. ద్వితీయ రకంలో మాత్రం తమ్ముడో చెల్లెలో పుట్టడం, ఇల్లు మారడం, తల్లిదండ్రుల తగవులు, బడిలో వేధింపులు, ఎవరైనా దగ్గరివారి మరణం వంటివి కారణం కావచ్చు. పక్క తడిపే పిల్లలలో కనిపించే దిగులు, బిడియం చాలావరకు ఆ సమస్య వలన కలిగినవే గాని, సమస్యకు కారణాలు కావు.

చరిత్ర

ఈ సమస్య చాలా పాతది. సుమారు క్రీ.పూ. 1550 నాటి ఈజిప్టు వైద్య గ్రంథమైన ఎబర్స్ పాపిరస్‌లో దీనికి మందు చెప్పబడింది. ఇంగ్లండులో థామస్ ఫేయర్ 1544లో పిల్లల వ్యాధులపై ప్రచురించిన పుస్తకంలో పక్క తడపడం గురించి ప్రత్యేకంగా వ్రాశాడు.

చికిత్స పేరుతో పిల్లలు అనుభవించిన శిక్షలు కూడా ఈ చరిత్రలో భాగమే. ఆంగ్ల రచయిత జార్జ్ ఆర్వెల్ ఎనిమిదేళ్ళ వయసులో బోర్డింగ్ పాఠశాలలో చేరిన కొద్ది రోజులకే పక్క తడపడం మొదలైందని, అందుకు తనను కొట్టారని, 1952లో ఆయన మరణానంతరం ప్రచురితమైన ఒక వ్యాసంలో వ్రాశాడు. తన చేతిలో లేని పనికి కూడా తాను దోషినేనని ఆ వయసులో నమ్మినట్లు అందులో చెప్పాడు. ఇంట్లో బాగానే ఉన్న పిల్లలు హాస్టలులో చేరగానే మళ్ళీ పక్క తడపడం నేటికీ కనిపించేదే.

1904లో వైద్యుడు ఫౌండ్లర్ ఆసుపత్రిలో పిల్లల పక్క తడిసినప్పుడు నర్సులకు తెలియడానికి ఒక విద్యుత్ గంటను ఏర్పాటు చేశాడు. పక్క ఎప్పుడు మార్చాలో తెలుసుకోవడం మాత్రమే దాని ఉద్దేశం. కాని గంట మ్రోగిన పిల్లలలో కొందరికి సమస్యే తగ్గిపోవడం గమనించారు. 1938లో అమెరికాలో మౌరర్ దంపతులు దీనినే చికిత్సా పద్ధతిగా రూపొందించి ప్రచురించారు. నేటి అలారం చికిత్సకు ఇదే ఆధారం. 1960లో ఇమిప్రమిన్ అనే మందు దీనికి పనిచేస్తుందని ప్రకటించారు. వాసోప్రెసిన్‌ను పోలిన కృత్రిమ మందు డెస్మోప్రెసిన్ 1970వ దశకం నుండి ఈ సమస్యకు వాడుకలోకి వచ్చింది.

ఇంటి వద్ద తీసుకోవలసిన జాగ్రత్తలు

ఐదేళ్ళ లోపు పిల్లలకు చికిత్స అవసరం లేదు. వారికి కావలసింది ఓపిక, పొడి బట్టలు. ఐదేళ్ళు దాటిన పిల్లలకు ఈ క్రింది జాగ్రత్తలు ఉపయోగపడతాయి.

* నీరు: నీరు మానిపించరాదు. నాలుగు నుండి ఎనిమిదేళ్ళ పిల్లలకు రోజుకు మొత్తం మీద 1000 నుండి 1400 మిల్లీలీటర్ల పానీయాలు అవసరమని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. ఎండాకాలంలో, ఆటలాడే రోజులలో ఇంకా ఎక్కువ కావాలి. ఇందులో అధికభాగం ఉదయం, మధ్యాహ్నం తాగించి, సాయంత్రం తగ్గించాలి. బడిలో మరుగుదొడ్డి సరిగా లేదని పగలంతా నీరు తాగని పిల్లలు ఇంటికి వచ్చి సాయంత్రం ఒక్కసారిగా తాగుతారు. అది రాత్రికి మూత్రంగా మారుతుంది.
* టీ, కాఫీ, కోలా: వీటిలోని కెఫీన్ మూత్రాన్ని పెంచుతుంది, మూత్రాశయాన్ని ప్రేరేపిస్తుంది. సాయంత్రం పిల్లలకు ఇవ్వరాదు.
* మూత్రానికి వెళ్ళడం: పగలు రెండు మూడు గంటలకొకసారి, పడుకోబోయే ముందు తప్పనిసరిగా వెళ్ళేటట్లు అలవాటు చేయాలి. ఆపుకోవడం నేర్పితే మూత్రాశయం పెద్దదవుతుందని బలవంతంగా ఆపించడం మంచిది కాదు.
* మలబద్ధకం: కూరలు, ఆకుకూరలు, పండ్లు, పప్పు ఎక్కువగా పెట్టాలి. ప్రతిరోజూ ఒకే వేళకు మల విసర్జనకు కూర్చోబెట్టాలి. తగ్గకపోతే వైద్యుని సలహా తీసుకోవాలి.
* వెలుతురు, దారి: మరుగుదొడ్డి ఇంటి బయట లేదా పెరట్లో ఉన్న ఇళ్ళలో పిల్లలు చీకటికి భయపడి లేవరు. దారిలో చిన్న దీపం ఉంచడం, లేపితే తోడు వస్తామని చెప్పడం అవసరం. బొమ్మల మూత్రపాత్ర ఒకటి పక్క దగ్గర ఉంచినా సరిపోతుంది.
* పడక: పరుపు మీద రబ్బరు షీటు, దానిపై ఉతకడానికి వీలైన దుప్పటి వేయాలి. మారు బట్టలు చేతికి అందేచోట ఉంచాలి. ఉదయం బడికి వెళ్ళే ముందు స్నానం చేయించాలి. తోటిపిల్లలు వాసన పట్టి ఏడిపించడం పిల్లలకు అన్నిటికన్నా పెద్ద బాధ.
* మెచ్చుకోలు: పొడిగా ఉన్న రాత్రికి బహుమతి ఇవ్వరాదు, ఎందుకంటే అది పిల్లవాడి చేతిలో లేదు. పగలు నీరు తాగడం, పడుకునే ముందు మూత్రానికి వెళ్ళడం, తడిసిన దుప్పటి తీయడంలో సాయపడడం వంటి, తాను చేయగలిగిన పనులకు మెచ్చుకోవాలి.

పెద్దలు పడుకొనే ముందు నిద్రపోతున్న పిల్లవాడిని ఎత్తుకొని తీసుకువెళ్ళి మూత్రం పోయించడం చాలా ఇళ్ళలో ఉన్న ఆచారం. దీని వలన ఆ రాత్రి పక్క తడవకపోవచ్చు. కాని పిల్లవాడు నిద్రమత్తులోనే ఉంటాడు కనుక తనంతట తాను లేవడం నేర్చుకోడు. ప్రయాణాలలో, పెళ్ళిళ్ళకు వెళ్ళినప్పుడు ఇది పనికివస్తుంది గాని చికిత్సగా పనికిరాదు.

రెండు రోజులపాటు పగలు ఎంత తాగాడు, ఎన్నిసార్లు ఎంత మూత్రం పోశాడు అన్నది కొలపాత్రతో కొలిచి, వారం పాటు తడిసిన రాత్రుల లెక్క వ్రాసి ఉంచితే వైద్యునికి చాలా ఉపయోగం. రాత్రి డైపరు వేసి, పొడిగా ఉన్నప్పటి బరువును ఉదయం బరువు నుండి తీసివేసి, దానికి ఉదయం మొదటి మూత్రాన్ని కలిపితే రాత్రి తయారైన మూత్రం ఎంతో తెలుస్తుంది. ఒక గ్రాము సుమారు ఒక మిల్లీలీటరుకు సమానం. ఏడేళ్ళ పిల్లవాడికి ఇది సుమారు 310 మిల్లీలీటర్లు దాటితే రాత్రి మూత్రం ఎక్కువగా తయారవుతున్నట్లు లెక్క. కారణం ఏదో తెలిస్తే తగిన చికిత్సను ఎన్నుకోవడం సులభం.

చికిత్స

అలారం

లోదుస్తులకు గాని, పక్కమీద పరచిన పలుచని పరుపుకు గాని అమర్చిన సెన్సారు, మొదటి చుక్కలు పడగానే గంట మ్రోగిస్తుంది. పిల్లవాడు లేచి, మిగిలిన మూత్రాన్ని మరుగుదొడ్డిలో పోసి వచ్చి, బట్టలు మార్చుకొని పడుకోవాలి. మొదటి వారాలలో చాలామంది పిల్లలు గంట విని లేవరు. ఇంట్లో మిగతావారందరూ లేస్తారు. అప్పుడు తల్లి గాని తండ్రి గాని పిల్లవాడిని పూర్తిగా మేలుకొలపాలి. క్రమంగా గంట కన్నా ముందే లేవడమో, లేవనవసరం లేకుండా తెల్లవారేదాకా ఆపుకోగలగడమో వస్తుంది.

నాలుగు వారాలలో కొంతైనా మార్పు కనిపించాలి. వరుసగా 14 రాత్రులు పొడిగా ఉండేవరకు కొనసాగించాలి. దీనికి సాధారణంగా రెండు నుండి మూడు నెలలు పడుతుంది. వాడినవారిలో సుమారు మూడింట రెండు వంతుల మందికి ఫలితం ఉంటుంది. ఆపిన తరువాత కొందరికి మళ్ళీ మొదలైతే తిరిగి వాడవచ్చు. దీర్ఘకాలంలో ఎక్కువ ప్రయోజనం ఇచ్చేది ఈ పద్ధతే. అయితే పిల్లవాడికి ఇష్టం ఉండాలి, పెద్దలు రాత్రుళ్ళు లేవగలగాలి. కుటుంబమంతా ఒకే గదిలో పడుకొనే ఇంట్లో, లేదా తెల్లవారుజామునే పనికి వెళ్ళే తల్లిదండ్రులకు ఇది కష్టం. పిల్లవాడిపై ఇప్పటికే కోపంగా ఉన్న ఇంట్లో అలారం ఆ కోపాన్ని పెంచవచ్చు కనుక వైద్యులు వేరే మార్గం సూచిస్తారు.

మందులు

డెస్మోప్రెసిన్ రాత్రి తయారయ్యే మూత్రాన్ని తగ్గిస్తుంది. ఇది త్వరగా పనిచేస్తుంది కనుక విహారయాత్రలు, శిబిరాల వంటి సందర్భాలలో బాగా ఉపయోగపడుతుంది. మందు ఆపితే చాలామందికి సమస్య తిరిగి వస్తుంది. దీనిని వాడేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి. మందు వేయడానికి గంట ముందు నుండి, వేసిన తరువాత ఎనిమిది గంటల వరకు నీరు చాలా తక్కువగా తాగాలి. లేకపోతే నీరు శరీరంలో నిలిచి రక్తంలో సోడియం తగ్గి, తలనొప్పి, వాంతులు, మూర్ఛలు రావచ్చు. ఈ ప్రమాదం వలన ముక్కులో కొట్టే స్ప్రే రూపాన్ని ఈ సమస్యకు వాడరాదని 2007లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. మాత్రల రూపమే వాడాలి. వాంతులు, విరేచనాలు, జ్వరం ఉన్న రోజులలో ఆపివేయాలి.

ఇమిప్రమిన్ మోతాదు మించితే గుండె లయ తప్పి ప్రాణాపాయం కలుగుతుంది. అందువలన ఇతర పద్ధతులు పనిచేయనప్పుడు మాత్రమే, నిపుణుల పర్యవేక్షణలో వాడతారు. ఈ మాత్రలను ఇంట్లోని చిన్నపిల్లలకు అందకుండా దాచడం చాలా ముఖ్యం.

ఏ మందునైనా వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

వైద్యుని ఎప్పుడు సంప్రదించాలి

ఈ క్రింది లక్షణాలు ఉంటే వయసుతో తగ్గుతుందని వేచి ఉండరాదు.

* పొడిగా ఉంటున్న పిల్లలలో మళ్ళీ మొదలై, దానితోపాటు అతిగా దాహం, ఎక్కువసార్లు మూత్రం, బరువు తగ్గడం, నీరసం. ఇవి మధుమేహ లక్షణాలు కావచ్చు. అదే రోజు రక్తంలో చక్కెర పరీక్ష చేయించాలి.
* మూత్రం పోసేటప్పుడు మంట, జ్వరం, మూత్రంలో రక్తం.
* పగలు కూడా బట్టలు తడవడం, మూత్రం ఆగకుండా చుక్కలుగా కారడం, ధార సన్నగా రావడం.
* నడకలో మార్పు, కాళ్ళలో బలహీనత, నడుము క్రింది భాగంలో వెన్నుమీద గుంట లేదా వెంట్రుకల కుచ్చు.
* తీవ్రమైన మలబద్ధకం, లోదుస్తులలో మలం అంటుకోవడం.
* నిద్రలో బిగ్గరగా గురక, మధ్యలో శ్వాస ఆగడం.
* హఠాత్తుగా మొదలై, ఒక వ్యక్తిని లేదా ఒక చోటును చూసి పిల్లలు భయపడడం. శారీరక, లైంగిక వేధింపులు కూడా కారణం కావచ్చునని గుర్తుంచుకోవాలి.

ఇవేవీ లేకుండా రాత్రిపూట మాత్రమే పక్క తడిపే పిల్లలలో సాధారణంగా శరీర పరీక్ష, మూత్ర పరీక్ష సరిపోతాయి. స్కానింగులు చాలామందికి అవసరం లేదు.

అపోహలు

పెళ్ళి వయసు దాకా ఇలాగే ఉంటుందన్న భయం, దిష్టి తగిలిందన్న నమ్మకం, తాయెత్తులు కట్టించడం తెలుగు ప్రాంతాలలో కనిపిస్తాయి. నువ్వులు, బెల్లం కలిపిన ఉండలు పెడితే తగ్గుతుందని చెబుతారు. అవి మంచి ఆహారమే గాని, వాటితో పక్క తడపడం తగ్గుతుందనడానికి శాస్త్రీయ నిరూపణ లేదు. ఇటువంటి ప్రయత్నాలు చేస్తున్న కాలంలో తగ్గితే, ఆ ఘనత చాలావరకు వయసుదే. వాతలు పెట్టడం, తడిసిన దుప్పటిని నలుగురికీ కనబడేటట్లు పిల్లవాడి చేత ఎండవేయించడం, తోబుట్టువుల ముందు ఎగతాళి చేయడం హింస. అవి సమస్యను తగ్గించకపోగా, రాత్రి అంటేనే భయపడేటట్లు చేస్తాయి.

బడులు, హాస్టళ్ళు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలోని గురుకుల పాఠశాలలలో చాలావాటిలో ఐదవ తరగతి నుండి ప్రవేశం ఉంటుంది. ఆ వయసు పిల్లలలో పక్క తడిపేవారు కొందరు తప్పక ఉంటారు. ఇంట్లో తల్లి గుట్టుగా దుప్పటి మార్చేది. హాస్టలులో ఆ గుట్టు ఉండదు. చేర్చేటప్పుడే తల్లిదండ్రులు ఈ విషయం వార్డెనుకు లేదా నర్సుకు ఏకాంతంగా చెప్పడం మంచిది. మరుగుదొడ్డికి దగ్గరగా పడక, రెండు అదనపు దుప్పట్లు, రబ్బరు షీటు, రాత్రి వెలిగే దీపం, ఉదయం అందరికన్నా ముందు స్నానానికి అవకాశం ఉంటే చాలావరకు ఇబ్బంది తొలగుతుంది. ఇవేవీ ఖర్చుతో కూడినవి కావు. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను పాఠశాలలో పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది.

ఈ సమస్యపై అవగాహన కొరకు 2015 నుండి ప్రపంచ స్థాయిలో ఒక ప్రత్యేక దినాన్ని కూడా జరుపుతున్నారు.

భవిష్యత్తు

పక్క తడిపే పిల్లలలో అత్యధికులు యుక్తవయసు నాటికి పూర్తిగా పొడిగా ఉంటారు. వారి తెలివితేటలకు గాని, తరువాతి జీవితంలో దాంపత్యానికి, సంతానానికి గాని దీని వలన లోపం రాదు. పెద్దవారిలో మిగిలిపోయిన కొద్దిమందికి కూడా చికిత్స ఉంది. కనుక సిగ్గుపడి దాచుకోకుండా వైద్యుని చూడవచ్చు. చిన్నతనంలో తమకూ ఈ సమస్య ఉండేదని తండ్రి గాని, తల్లి గాని, మేనమామ గాని చెప్పగలిగితే పిల్లలకు అది గొప్ప ధైర్యాన్ని ఇస్తుంది.